బొమ్మలు వాళ్ల వైపు, అట్ట నా వైపు

నవంబర్ 6, సోమవారం

సర్క్యులర్ నాలుగు లైన్లు. బుధవారం నాలుగో పీరియడ్‌లో జరుగుతున్న "బొమ్మల పుస్తకాల పఠనం" తీసేసి అభ్యాస పరీక్ష పెట్టే విషయం పరిశీలించబడునట. పరిశీలించబడును. పరిశీలించేది ఎవరో చెప్పుకునే ధైర్యం లేనివాళ్లు రాసే వాక్యం ఇది.

నేరుగా హెడ్‌మేడం గదికి వెళ్లాను.

"ఇది మీరు రాశారా, మీ చేత రాయించారా?"

"కూర్చోండి."

"కూర్చోవడానికి రాలేదు."

"మీరు నిలబడి అరిస్తే పైకి చూడలేక నాకు మెడ పట్టేస్తుంది. కూర్చుని అరవండి."

కూర్చున్నాను. అరిచాను. మూడో తరగతి పిల్లలకి ఇంకా బొమ్మలేంటని తల్లిదండ్రులు అడుగుతున్నారట. డాక్టరు ఎముకలు నేర్చుకునేది బొమ్మ చూసి కాదా అన్నాను. ఇల్లు కట్టేవాడు చేతిలో పట్టుకు తిరిగేది బొమ్మ కాదా అన్నాను. నా రేకు పెట్టెలో ఇరవై నాలుగు పుస్తకాలున్నాయి, ఒక్క రాకుమారి లేదు, ఒక్క మాట్లాడే కుందేలు లేదు, తిమింగలం, అగ్నిపర్వతం, తేనెటీగ, రైలు, చంద్రుడు, ఒంట్లో ఎముకలు, అన్నీ ఉన్నవే, జరిగేవే, కల్పన అనేది మచ్చుకైనా లేదు అన్నాను.

"మేడం, నేను పుస్తకం తెరిస్తే ముప్పై ఎనిమిది మంది ఊపిరి బిగబట్టి చూస్తారు. మీ పరీక్షల్లో చూశారా అలాంటి నిశ్శబ్దం?"

"లేదు. చూపించండి. పై బుధవారం, పదిహేనో తారీకు వచ్చి వెనక కూర్చుంటాను. చూశాకే ఏ సంగతైనా."

"రండి."

గెలిచినట్టే.

నవంబర్ 7

పత్రికకు వ్యాసం రాసేశాను. "నిజం చాలు" అని శీర్షిక. పిల్లల్ని కట్టుకథలతో జోకొట్టే పెంపకం మీద, బొమ్మలంటే చిన్నచూపు ఉన్న చదువుల మీద. మా క్లాసు నిశ్శబ్దాన్నే సాక్ష్యంగా పెట్టాను.

మా ఆయన అదే పత్రికలో ప్రూఫ్ రీడరు. ఇంట్లో నా మొదటి పాఠకుడు, ఆఫీసులో ఆఖరి పాఠకుడు, రెండు చోట్లా చేతిలో ఎర్ర పెన్నే.

"వాళ్లు నిజం వల్లే నోరు మూసుకుంటున్నారని నీకెలా తెలుసు?"

"ఇంకేం ఉంటుంది?"

"ఏమో. నిద్రొస్తూ ఉండొచ్చు."

"కళ్లు ఇంతింత చేసుకుని నిద్రపోతారా?"

"సాక్ష్యం అడుగుతున్నా, ఉద్యమం గారూ. జూన్‌లోనూ అడిగాను."

జూన్ సంగతి ఇప్పుడెందుకు? బడికి ఎదురుగా కడుతున్న షాపుల భవనం మీద నుంచి, మే ఆఖర్లో, రంగులేసే ఆయన పడి చనిపోయాడు. నేను రాసిన వ్యాసంలో ఒక వాక్యం కింద ఈయన ఎర్ర గీత గీసి పక్కన "ఇది ఎవరు చెప్పారు?" అని రాశాడు. "ఇరవై నిమిషాల పాటు, ఈ ఊరు మొత్తంలో, ఆ మనిషి పక్కన ఒక్కరు లేరు." జనానికి గుర్తుండిపోయింది ఆ వాక్యమే. కాంట్రాక్టరు మీద కేసు కదిలింది ఆ వాక్యంతోనే. ఎవరు చెప్పారంటే, అక్కడి టీ కొట్టతను చెప్పాడు. చాలదా?

ఆయనకి పిల్లలున్నారా అని కూడా అడిగాడు అప్పుడు. ఆ వివరం వ్యాసానికి అక్కర్లేదన్నాను. నేను రాసేది ఏడిపించడానికి కాదు.

నవంబర్ 8, బుధవారం

తిమింగలం.

పదకొండేళ్లుగా చదువుతున్నాను, ఇప్పటికీ ఆ పుస్తకం పెట్టెలోంచి తీస్తుంటే నా చేతులకే సంబరం. రెండు పేజీలు కలిపి తెరిస్తే మొత్తం నీలం, ఆ నీలంలో ఒక మూల నుంచి ఇంకో మూలకి పట్టక తోక బయటికి పోయిన జంతువు. "దీని నాలుక ఒక్కటే ఏనుగంత బరువు" అని చెప్పి ఆగాలి. అక్కడ ఆగడం తెలియాలి. కథల్లో రాక్షసుడు ఎంతైనా ఉండొచ్చు, వాడి సైజుకి ఎవడి పూచీ లేదు. ఇది నిజంగా ఇప్పుడు ఎక్కడో ఈదుతోంది అన్నప్పుడు పిల్లల మొహాల్లో వచ్చేది వేరు.

నా పద్ధతి వేరు. ముక్కాలి పీట మీద కూర్చుంటాను. పుస్తకం ఎడమ చేతి మీద గుండెకి ఆనించి పట్టుకుంటాను. బొమ్మలు వాళ్ల వైపు, అట్ట నా వైపు. కుడి చేత్తో పైనుంచి పేజీ తిప్పుతాను. ప్రతి పుస్తకం కంఠతా వచ్చు, తొంగి చూసే పనే లేదు. పక్క సెక్షన్ కథల టీచరుకి ఈ విద్య రాదు. ఒక పేజీ తను చదువుకుని, తర్వాత తిప్పి చూపిస్తుంది. ఆ సందులో పిల్లలు జారిపోతారు. నేను పుస్తకాన్ని చూడను, పిల్లల్ని చూస్తాను.

ఈ రోజూ చూశాను. పేజీ తిప్పగానే ముప్పై ఎనిమిది జతల కళ్లు ఆ నీలాన్నంతా గాలించాయి. ఒక్కొక్కటే వెళ్లి ఒకచోట ఆగాయి. పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని నొక్కుకున్నారు. ఒక్కరు కిమ్మనలేదు. నిజం ముందు మనిషి మూగబోవడం అంటే ఇదీ.

చివర్లో ఎప్పటిలాగే మంచినీళ్ల పిల్ల చెయ్యెత్తింది. కిటికీ పక్క, రెండో వరస. చేరిన కొత్తలో ఒకసారి పాఠం మధ్యలో మంచినీళ్లకని లేచి వెళ్లి గంట కొట్టేదాకా రాలేదు. అప్పుడు నేనే పెట్టాను ఆ పేరు, పిల్లలంతా పట్టుకున్నారు.

నవంబర్ 12, ఆదివారం

వ్యాసం వచ్చింది. పొద్దున్నుంచీ ఫోన్లు. రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన "మీ నిశ్శబ్దాన్ని చూడటానికి రావచ్చా" అని అడిగాడు. రండి అన్నాను.

నవంబర్ 15, బుధవారం

ఈ రోజు రాయలేను.

నవంబర్ 16

రాయాలి. రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

హెడ్‌మేడం వచ్చి వెనక వరసలో, పిల్లల బెంచీ మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. నేను ఎముకల పుస్తకం తీశాను. "పుట్టినప్పుడు మీకు మూడొందల దాకా ఎముకలు. పెద్దయ్యాక రెండొందల ఆరు. మిగతావి ఎక్కడికి పోయాయి?" ఆగాను. పేజీ తిప్పాను. కళ్లు గాలించాయి. ఆగాయి. చేతులు నొక్కుకున్నారు. నిశ్శబ్దం. హెడ్‌మేడం వైపు చూశాను, చూశారా అన్నట్టు.

ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని, "ఆ మనిషి ఎవరు?" అంది.

"ఏ మనిషండీ?"

"పక్కటెముకల మీద. రంగేస్తున్నాడు."

ఇది అస్థిపంజరం, ఇందులో మనుషులెవరూ ఉండరు అని నేను వివరించడం మొదలుపెట్టాను. పదకొండేళ్లుగా చదువుతున్న పుస్తకం, నాకు చెప్తుందేంటి ఈవిడ అనుకున్నాను. అప్పుడు ముందు వరసలో క్లాసు లీడరు పిల్ల, పాపం నోరు జారి, "మనోడు" అంది. వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది.

పుస్తకం నా వైపు తిప్పుకున్నాను.

నాలుగో పక్కటెముక మీద, నా బొటనవేలంత మనిషి. పెన్సిలుతో గీసింది. ఒక చేతిలో బకెట్టు, ఒక చేతిలో కుంచె. ఎముకకి తెల్ల రంగు వేస్తున్నాడు. పక్క పేజీలో మోకాలి చిప్ప మీద కూర్చుని క్యారియర్ విప్పుకుంటున్నాడు.

పెట్టె బోర్లించాను. తిమింగలం వీపు మీద ఉన్నాడు. అగ్నిపర్వతం అంచున ఉన్నాడు. తేనెపట్టు గదుల్లో ఒక గదికి సున్నం వేస్తున్నాడు. చంద్రుడి మీద సగం తెల్లగా, సగం ఇంకా వేయాల్సి ఉన్నట్టు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను. లీడరు పిల్లని నిలబెట్టాను. ఏడుస్తూ చెప్పింది. ఆట అట. పేజీ తిప్పగానే మనోడు ఎక్కడున్నాడో ముందు కనిపెట్టినవాళ్లు పక్కవాళ్ల చెయ్యి నొక్కాలి. మాట్లాడితే ఆట పోయినట్టే. ఎందుకంటే మాట్లాడితే మేడం పుస్తకం తిప్పి చూసుకుంటుంది.

జులై నుంచి. పెట్టె క్లాసు మూలనే ఉంటుంది, తాళం లేదు.

నా నిశ్శబ్దం. పత్రికలో వేయించుకున్న నిశ్శబ్దం. రిటైరైన మాస్టారు చూడ్డానికి వస్తానన్న నిశ్శబ్దం.

హెడ్‌మేడం లేచి, "బడి పుస్తకాలు పాడు చేసిందెవరో సోమవారానికి నాకు పేరు కావాలి. పెద్దవాళ్ల చేత క్షమాపణ రాయించాలి. అంతవరకు బుధవారాలు లేవు" అని వెళ్లిపోయింది.

ఇది కూడా రాయాలి. ఆవిడ వెళ్లాక నేను ఒక్కొక్కళ్లనీ నిలబెట్టి అడిగాను. గొంతు పోయేలా అడిగాను. నమ్మకద్రోహం అనే మాట వాడాను. ఎనిమిదేళ్ల పిల్లల ముందు. ముప్పై ఎనిమిది మందీ నోరు విప్పలేదు.

నవంబర్ 17

ఇది పిల్లల బుర్ర కాదు అనుకున్నాను. పుస్తకాల మీద, పద్ధతి మీద కడుపుమంట ఉన్నవాళ్ల పని. స్టాఫ్‌రూమ్‌లో కథల టీచరుని పట్టుకున్నాను.

"నా పుస్తకాల్లోకి నీ కథలు ఎక్కించే పని నీకు ఎవరు చెప్పారు?"

ఆమె చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. "మనోడి గురించా అక్కా? ఆగస్టులోనే మా సెక్షన్ పిల్లలు చెప్పారు. మీరే గీశారనుకున్నా."

"నేనా?"

"అవును. అక్క పైకి అలా ఉంటుంది గానీ పిల్లల కోసం ఇంత పని చేసింది అనుకుని... చాలా బాగుందనుకున్నా అక్కా. మీకు చెప్పాలనుకున్నా కూడా. మీతో మాట్లాడాలంటే భయమేసి ఊరుకున్నా."

అందరికీ తెలుసు. ఆయాకి తెలుసు. పక్క సెక్షన్‌కి తెలుసు. మీద పడి అరిచినందుకు క్షమించమన్నాను. అది కూడా అరిచినట్టే అన్నాను.

నవంబర్ 18, శనివారం

మధ్యాహ్నం పెట్టె ఇంటికి తెచ్చాను. భోజనాల బల్ల మీద ఇరవై నాలుగూ పరిచాను. దొంగని పట్టాలంటే గీత చూడాలి, గీతని బట్టి చెయ్యి చెప్పొచ్చు. మా ఆయన తన భూతద్దం తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు.

మొదట నవ్వాడు. ఆక్టోపస్ పుస్తకం దగ్గర పగలబడి నవ్వాడు. ఎనిమిది చేతులకీ ఎనిమిది బకెట్లు ఇచ్చి, మనోడు మేస్త్రిలా పక్కన నిలబడి పని చెప్తున్నాడు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. రైలు పుస్తకంలో కిటికీ పక్కన సీటు దొరికింది ఆయనకి. వాన పుస్తకంలో మబ్బు మీద పడుకున్నాడు.

తర్వాత ఆయన నవ్వడం ఆపేశాడు. మళ్లీ మొదటి పుస్తకం నుంచి తిరగేశాడు.

"తాడు చూశావా?"

"ఏ తాడు?"

"నడుముకి. ప్రతి బొమ్మలోనూ ఉంది. చూడు, ముడి కూడా గీసి ఉంది. ఎవరో గానీ, మొహం సరిగ్గా గీయలేదు, చేతులకి వేళ్లు లెక్క లేదు, తాడు ముడి మాత్రం ఎక్కడా తప్పలేదు."

తిమింగలం రెక్కకి కట్టి ఉంది తాడు. చంద్రుడి మీద ఒక రాయికి. పక్కటెముకకి. మబ్బు మీద పడుకున్నప్పుడు కూడా, మబ్బుకే కట్టి ఉంది.

ఒక్క పుస్తకంలో మనోడు లేడు. ఇరవై నాలుగోది, "భవనం ఎలా లేస్తుంది?" పునాది నుంచి పైకప్పు దాకా ఎక్కడా లేడు. పరంజా కట్టి గోడకి రంగులేసే పేజీ దగ్గర మా ఆయన కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇక్కడ గీసి చెరిపారు. చాలాసార్లు. చూడు, వెలుతురు దిగుతోంది."

కాగితం పల్చబడి అవతలి వైపు ఆయన వేళ్లు కనిపించాయి.

ఆయనే అన్నాడు. "నీ జూన్ వ్యాసంలో తాడు గురించి ఉంది కదా."

నవంబర్ 19, ఆదివారం

ఈ డైరీలోనే వెనక్కి తిప్పాను. జూన్ 14, బుధవారం. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"ఈ ఏడాది మొదటి పుస్తకాల పీరియడ్. పుస్తకం బదులు నా వ్యాసమే చదివాను. కిటికీలోంచి ఆ భవనం చూపించి మరీ చదివాను. పిల్లలకి నిజాలు తెలియాలి. 'నడుముకి తాడు లేదు, తాడు ఖర్చు మనిషి కన్నా ఎక్కువ అనుకున్నారు' అన్నచోట, 'ఒక్కరు లేరు' అన్నచోట గది గదంతా స్తంభించింది. ఇదీ చదువంటే. కొత్తగా చేరిన పిల్ల ఒకతి మధ్యలో మంచినీళ్లకని లేచి వెళ్లి గంట కొట్టేదాకా రాలేదు. క్రమశిక్షణ నేర్పాలి."

క్రమశిక్షణ నేర్పాలి.

పిల్లలకి నిజాలు తెలియాలి. ఆ మాట ఇప్పటికీ తప్పని అనుకోను. వ్యాసం చదవడం తప్పు కాదు. కాకపోవచ్చు కదా, ఊళ్లో ఎంతమంది రంగులేసేవాళ్లు, అందరికీ తాళ్లుంటాయి, పిల్లలు చూసింది గీస్తారు. మంచినీళ్లకి వెళ్లడం మామూలే. జూన్‌లో ఎండలు.

సోమవారం ఆ పిల్ల అడ్మిషన్ అప్లికేషన్ చూస్తాను. చూస్తే తెలిసిపోతుంది, అది కాదని.

నవంబర్ 20, సోమవారం

ఆఫీసు గుమాస్తా ఫైలు తీసి ఇచ్చాడు. తండ్రి వృత్తి: పెయింటర్. పక్కన బ్రాకెట్లో, లేరు. తేదీ ఉంది. మే ఇరవై ఏడు. ఆ భవనం మీద నుంచి ఆయన పడిన తేదీ. చేరిన తేదీ జూన్ పన్నెండు. నేను వ్యాసం చదివింది పద్నాలుగున. కింద, "వివరాలు పరిశీలించితిని", క్లాసు టీచరు సంతకం. నాదే.

గుమాస్తా "నీళ్లు కావాలా మేడం" అన్నాడు. వద్దన్నాను. తర్వాత తాగాను.

అక్కడి నుంచి హెడ్‌మేడం గదికి. ఈసారి చెప్పకుండానే కూర్చున్నాను.

"పేరు తెలిసిందా?"

"తెలిసింది. నేనే గీశాను."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మీరా?"

"నేనే. ఆకర్షణ కోసం."

"మీరు బోర్డు మీద ఆవుని గీస్తే పిల్లలు కుర్చీ అన్నారు. నేను గదిలోనే ఉన్నాను ఆ రోజు."

"అభ్యాసం చేశాను."

"ఆ రోజు నా ముందే బొమ్మ చూసి మీ మొహం ఎలా పాలిపోయిందో ముప్పై ఎనిమిది మంది చూశారండీ."

"నటించాను."

యాభై రెండేళ్లు వచ్చాయి. కల్పన మీద ఇన్ని వ్యాసాలు రాశాను. అల్లిన మొదటి కథ ఇది, ఇంత నాసిగా ఉంది. అయినా వెనక్కి తగ్గలేదు. ఆవిడ నా చేతిలో ఉన్న అడ్మిషన్ ఫైలు వైపు చూసింది. నేను ఫైలు బయట పెట్టి రావడం మర్చిపోయాను. దాని మీద ఆ పిల్ల అడ్మిషన్ నంబరు ఉంది. ఆవిడకి ఏం అర్థమైందో నాకు తెలియదు, నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"సరే. రాసివ్వండి" అంది. "బడి పుస్తకాలు పాడు చేసినందుకు మెమో ఇవ్వాల్సొస్తుంది. బుధవారం పీరియడ్ పోయినట్టే. ఇంక దాన్ని కాపాడటం నా వల్ల కాదు."

"భోజనం గంటలో చదువుకోవచ్చా? వచ్చేవాళ్లకే."

"భోజనం గంట నాది కాదు, పిల్లలది. వాళ్లనడగండి."

రాసిచ్చాను. "పైన చెప్పిన బొమ్మలు నా చేత గీయబడినవి." గీయబడినవి. నేనే రాశాను ఆ వాక్యం.

నవంబర్ 21

ఆ పిల్లకి క్షమాపణ రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. మా ఆయన చదివి ఎర్ర పెన్ను తీయలేదు. "ఇది ఆ పిల్లకా, ఆదివారం పేజీకా?" అన్నాడు.

చించేశాను.

నవంబర్ 22, బుధవారం

నాలుగో పీరియడ్‌లో అభ్యాస పరీక్ష. నిశ్శబ్దంగానే రాశారు. నిశ్శబ్దం గురించి ఇంక నేనేమీ అనను.

భోజనం గంటకి రేకు పెట్టె వరండాలో పెట్టాను. పదకొండు మంది వచ్చారు. మిగతా ఇరవై ఏడు మంది బంతి ఆటకి పోయారు. పదకొండు. ఆ పదకొండు మందిలో చివర, క్యారియర్ చేతిలో పట్టుకుని, ఆ పిల్ల.

పీట తేలేదు. గచ్చు మీద వాళ్ల మధ్య కూర్చున్నాను. మొక్కల పుస్తకం మా అందరి వైపు. చూడగానే నాకు కంఠతా వచ్చిన ముక్క ఒక్కటీ గుర్తుకు రాలేదు, చూసి చదివాను, తడబడ్డాను. అరటిచెట్టు ఎత్తుకు పెరిగే గడ్డి ఒకటి ఉందని పదకొండేళ్లుగా చెప్తున్నాను, ఆ గడ్డి దుబ్బులో ఒక పక్షి గూడు ఉందని ఈ రోజే చూశాను. గూడు అచ్చులోదే, ఎవరూ గీసింది కాదు.

లీడరు పిల్ల పెట్టెలోంచి "భవనం ఎలా లేస్తుంది?" తీసింది. "ఇందులో మనోడు లేడు మేడం. ఎన్నిసార్లు వెతికామో."

అందరూ ఆ పిల్ల వైపు చూశారు. చూసి వెంటనే చూపులు మార్చుకున్నారు. నేనూ మార్చుకున్నాను. పేరు చెప్పాల్సిన అవసరం మా ఎవరికీ లేదు.

ఆ పిల్ల క్యారియర్ మూత తిప్పుతూ, ఆ మూతతోనే చెప్పింది. "తాడు దేనికి కట్టాలో తెలీలేదు."

పరంజా పేజీ తెరిచి ఉంది. వెదురు బొంగులు, పలకలు, నాలుగు అంతస్తుల గోడ. పుస్తకం రాసినవాళ్లు సిమెంటు పాళ్లు రాశారు, ఇటుకల వరసలు రాశారు, ఇది రాయలేదు. పదకొండేళ్లలో నేను అడగలేదు.

"నాకూ తెలీదు" అన్నాను. "కనుక్కుని చెప్తా."

ఆ పిల్ల తలెత్తి చూసింది. మంచినీళ్లు అడగలేదు.

నవంబర్ 23

బడి వదిలాక ఎదురు భవనానికి వెళ్లాను. కేసయ్యాక కాంట్రాక్టరు మారాడు, పని మళ్లీ నడుస్తోంది. మేస్త్రి నన్ను చూసి "పేపరు మేడం వచ్చారు, బెల్టులు పెట్టుకోండ్రా" అని పైకి అరిచాడు. రాయడానికి రాలేదన్నాను. నమ్మలేదు.

"తాడు దేనికి కడతారు?"

"ఇంతేనా? దీనికోసం వచ్చారా?"

"దీనికోసమే."

ఎగాదిగా చూసి, నన్ను లోపలి మెట్ల మీదుగా డాబా మీదికి తీసుకెళ్లాడు. నాలుగంతస్తులు, మోకాళ్లు పట్టేశాయి. పైన కాంక్రీటు స్తంభం చూపించాడు. "దీనికి. చుట్టూ రెండు చుట్లు తిప్పి ముడి. పరంజాకి మాత్రం కట్టకూడదు మేడం. కొత్తోళ్లు దగ్గరుందని పరంజాకే కట్టేస్తారు. నిలబడిందీ దాని మీదే, కట్టుకుందీ దానికే అయితే, అది పోయినప్పుడు తాడున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. గోడ అవతల, కదలనిదానికి కట్టాలి."

ముడి నాతో కట్టించాడు. మూడోసారికి వచ్చింది. కిందికి చూశాను. మా క్లాసు కిటికీ కనిపించింది. రెండో వరస బెంచీ కూడా.

నవంబర్ 24, శుక్రవారం

భోజనం గంటలో వరండా చివర ఆ పిల్లతో కూర్చున్నాను. స్తంభం సంగతి చెప్పాను, నా చున్నీతో నీళ్ల కుళాయి గొట్టానికి ముడి వేసి చూపించాను. ఆ పిల్ల విప్పి మళ్లీ వేసింది. నాకన్నా బాగా.

తర్వాత చెప్పాను. రెండు వాక్యాలే ఉంచుకున్నాను. "జూన్‌లో మీ నాన్న గురించి నువ్వు వింటుండగా చదివాను. అది నేను చేసిన తప్పు."

ముడి వంకే చూస్తూ, "అందులో ఒకటి తప్పుంది మేడం" అంది.

"ఏంటి?"

"ఒక్కరు లేరని చదివారు. మా అమ్మ ఉంది."

"అక్కడా?" అన్నాను.

"క్యారియర్ తీసుకెళ్లింది అప్పుడే. నాన్న తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, బండి వచ్చేదాకా. నాన్న మాట్లాడాడంట కూడా. నాన్న ఒంటరిగా లేడు."

జూన్ నుంచి ఈ పిల్ల దగ్గర ఆ సవరణ ఉంది. ఐదు నెలలు. ప్రతి బుధవారం, నా ఎదురుగా, రెండో వరసలో.

సాయంత్రం టీ కొట్టతని దగ్గరికి వెళ్లాను. అతనికి గుర్తుంది. "నేనన్నది సూపర్‌వైజరు గానీ కాంట్రాక్టరు గానీ ఒక్కరు రాలేదని కదమ్మా. ఆయన భార్య ఉంది కదా అక్కడ. నేనే నీళ్లిచ్చాను ఆమెకి."

అతను చెప్పాడు. అప్పుడే చెప్పి ఉంటాడు. ఆమె ఉంటే నా వాక్యం నిలబడదు. అందుకని ఆమెని కొట్టేశాను. కాంట్రాక్టరు తాడు తీసేశాడు, నేను భార్యని తీసేశాను. రెంటికీ పోలిక లేదు, నాకు తెలుసు. పోలిక లేదని ఇక్కడ పదిసార్లు రాసి కొట్టేశాను.

నవంబర్ 26, ఆదివారం

నా కాలమ్ ఉండే చోట ఈ రోజు వచ్చింది ఇంతే:

"సవరణ. రంగులేసే కార్మికుడి మరణంపై జూన్‌లో రాసిన వ్యాసంలో, ఇరవై నిమిషాల పాటు ఆయన పక్కన ఒక్కరు లేరని రాశాను. అది అబద్ధం. ఆయన భార్య ఆయన పక్కనే ఉన్నారు."

మా ఆయనకి ఇచ్చినప్పుడు ఎర్ర పెన్ను పట్టుకుని రెండుసార్లు చదివాడు. "అబద్ధం అని ఉంచనా? పొరపాటు అంటారు సాధారణంగా."

"ఉంచు."

ఉంచాడు. ఒక్క ఫోను రాలేదు.

నవంబర్ 29, బుధవారం

పద్నాలుగు మంది. కథల టీచరు కూడా వచ్చి వెనక గోడకి ఆనుకుని కూర్చుంది.

"భవనం ఎలా లేస్తుంది?" చదివాను. పునాది, ఇనుము, పలక, ఇటుక. పరంజా పేజీ దగ్గర ఆగి పుస్తకం గచ్చు మీద పెట్టాను. చెరిపి చెరిపి పల్చబడిన చోటు మీద ఇంక గీస్తే చిరిగిపోతుంది. ఆ పిల్ల ఆ చోటుని వేలితో తడిమి, పైకి జరిగింది. పుస్తకం అంచుకి, బొమ్మ అయిపోయిన చోటికి.

జేబులోంచి పెన్సిలు తీసింది. బడి పుస్తకంలో గీయకూడదని నేను చెప్పాలి. మెమో మీద సంతకం పెట్టిన సిరా ఇంకా ఆరలేదు.

ముందు స్తంభం గీసింది. గోడ అవతల, డాబా మీద. దాని చుట్టూ రెండు చుట్లు తిప్పి, ముడి వేసింది. ముడిని వేలితో నొక్కి చూసింది, బిగిసిందా అన్నట్టు. అక్కడి నుంచి తాడు కిందికి దింపింది, ఒక అంతస్తు, రెండు అంతస్తులు, గీత ఎక్కడా తెగకుండా. మిగతావాళ్లంతా వంగి చూస్తున్నారు. పెన్సిలు ఆగింది.

"ఇప్పుడు నాన్న" అంది.